ఒక మనిషికి ఒక సూది

మా నాయన సూది వేస్తే చీమ కుట్టినంత కూడా ఉండదని మా చుట్టుపక్కల పేరు. హస్తవాసి అంటే గురవయ్య డాక్టరుదే అనేవారు. డాక్టరు అన్నది జనం ఇచ్చిన డిగ్రీ. ఆయన నిజానికి మణుగూరులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పని నేర్చుకుని, అడవి రోడ్డు మీదున్న మా ఊళ్లో ముందు గదిలో బల్ల వేసుకుని కూర్చున్న ఆర్‌ఎంపీ. ఎవరైనా "డాక్టరు బిడ్డవా?" అని అడిగితే నేను అవుననే చెప్పేదాన్ని. ఆ మాటకు ఒక్కసారి కూడా నాలుక తడబడలేదు.

గురువారం మా ఊళ్లో సంత. అడవి లోపలి గుంపుల నుంచి, అంటే గూడేల నుంచి వచ్చినవాళ్లు ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని, పోతూ పోతూ మా అరుగు మీద వరసగా కూర్చునేవారు. జ్వరమైనా, నడుం నొప్పైనా, నాట్లు వేసి ఒళ్లు పులిసినా అందరికీ కావలసింది ఒకటే. "ఎర్ర సూది ఎయ్యి డాక్టరు." అది బలానికి వేసే విటమిన్ మందు, రంగు ఎరుపు. రంగు లేని మందు మీద మా వైపు ఎవరికీ నమ్మకం లేదు. సాయంత్రం జనం పలచబడ్డాక మిగిలిన మందు మా అమ్మ సమ్మక్కకు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "పారబోస్తే పాపం" అంటూ నాయన ఆ మిగిలింది ఆమె భుజానికి వేసేవాడు.

గోడ మీద ఆయన స్వయంగా రంగుతో రాసుకున్నాడు: ఒక మనిషికి ఒక సూది. ఎప్పుడో ఆరోగ్యశాఖ ప్రచారం జీపులో మైకు పెట్టి చెప్పిపోయిన మాట అది. మిగతా ఆర్‌ఎంపీలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. మా నాయన విన్నాడు, రాశాడు, పాటించాడు కూడా. ఒకరికి వేయగానే ఆ సూదిని వాళ్ల కళ్లముందే ఊడదీసి, వంచి, రేకు డబ్బాలో టంగుమని పడేసేవాడు. తర్వాతి మనిషికి కొత్త సూది తొడిగేవాడు. ఆ టంగుమనే శబ్దం విని పెరిగిన పిల్లని నేను. పెరిగి, ఖమ్మంలో ఒక ప్రభుత్వ ల్యాబులో టెక్నీషియన్ని అయ్యాను. శుభ్రత మా ఇంట్లోనే నేర్చుకున్నానని అక్కడ అందరికీ గొప్పగా చెప్పేదాన్ని.

పోయిన వానాకాలంలో ఆ గొప్ప దిగిపోయింది.

వానలు పట్టుకున్న కొత్తలోనే పాలగుంపు నుంచి బొజ్జయ్య కోడలు పుష్పలత కాన్పుకని భద్రాచలం దవాఖానాకు వెళ్లింది. కాన్పు బాగానే అయింది, మగపిల్లవాడు. రక్తపరీక్షలో మాత్రం హెపటైటిస్ సి అని తేలింది. అది లివర్‌ను చప్పుడు చేయకుండా ఏళ్ల తరబడి తినే వైరస్. మనిషి పనికి పోతూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు, లోపల లివర్ గట్టిపడుతూ ఉంటుంది. తాకితే అంటుకోదు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలవాలి. పరీక్షలో పట్టుకుంటే మాత్రలతోనే పోతుంది, పట్టుకోకపోతే ప్రాణం తీస్తుంది. పుష్పలత వెనకే అదే గుంపు నుంచి ఇంకొందరు, పక్క గుంపు నుంచి మరికొందరు అలాగే తేలారు.

ఒకే మూల నుంచి అంతమంది వస్తే ఊరుకోకూడదని ఇప్పుడు పద్ధతి. రక్తం నమూనాలు మా ల్యాబుకు వచ్చాయి. మేము వాటికి పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఐసు పెట్టెల్లో హైదరాబాద్ పంపాం. అక్కడ వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదువుతారు. ఆ చదువు ఎందుకో మా ల్యాబు పెద్ద సునంద మేడం నాకు చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

"పరీక్షలో కాపీ కొట్టిన పిల్లలు ఎట్లా దొరుకుతారు భవానీ? ఒప్పుల వల్ల కాదు, తప్పుల వల్ల. ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు రాస్తారు. వైరస్ కూడా ఒంటి నుంచి ఒంటికి పోతూ తనను తాను తిరగరాసుకుంటుంది, రాసేటప్పుడు తప్పులు చేస్తుంది. ఒకే తప్పులు పదిమంది ఒంట్లో కనపడితే, వాళ్లంతా ఒకే చోట తెచ్చుకున్నారని అర్థం."

ఫలితం వచ్చిన రోజు మేడం కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది. కొమ్మలు కొమ్మలుగా ఒక చెట్టు బొమ్మ. రెండు గుంపుల నమూనాలన్నీ ఒకే కొమ్మకు గుత్తిలా పట్టుకుని ఉన్నాయి.

"ఇది ఎక్కడెక్కడి నుంచో వచ్చింది కాదు. కొన్నేళ్లుగా ఒకే చేయి చేస్తున్న పని. ఆ చేయి ఎవరిదో నువ్వే కనిపెట్టాలి. అది నీ ఊరి పక్కనే కదా" అంది.

ఆ వారం ఇంటికి వెళ్లి అన్నం తింటూ ఈ సంగతి చెప్పాను. నాయన ముద్ద ఆపి ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే ఊరు ఆలోచించినట్టే.

"పచ్చబొట్టు" అన్నాడు. "ఇంకేంది? ఎర్రమ్మ సంతల కూసోని వచ్చినోళ్లకు వచ్చినట్టు ఒకటే సూదితోటి పొడుస్తది. గుంపులల్ల పచ్చబొట్టు లేని ఆడమనిషి ఉన్నదా?"

నాకు ఎంత హాయిగా అనిపించిందో. మా నాయనకు ఎంత తెలివి అనుకున్నాను. ఇంకో ముద్ద పప్పు వేసుకున్నాను.

మర్నాడు గురువారం. ఎర్రమ్మ ఎప్పటిలాగే సంత చివర గోనెసంచి పరుచుకుని, మసి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. నాయన నడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. ఆయన నిలబడితే జనం వాళ్లంతట వాళ్లే పోగవుతారు.

"నీ సూదితోనే గుంపులకు రోగం పోయిందంట. సిగ్గు లేదా? లే ఈడికెళ్లి."

"నేనేం జేసిన డాక్టరూ? మా అమ్మ నాటి నుంచి పొడుస్తున్నం" అంది ఆమె, నవ్వబోయి.

ఇంకా ఏదో అనబోయింది. అప్పటికే ఎవరో మసి గిన్నెను కాలితో తన్నారు. ఇంకెవరో గోనెసంచి లాగారు. మా నాయన ఎవరినీ తన్నమనలేదు. ఆపనూ లేదు. మసి ఆమె చీర మీద పడింది. దాన్ని చేత్తో తుడుచుకుంటే ఇంకా పాకింది. ఆమె సామాను మూటగట్టుకుని బస్టాండు వైపు వెళ్తుంటే నేను నాలుగు అడుగుల దూరంలో వంకాయలు ఏరుకుంటున్నాను. పుచ్చులు లేనివి చూసి మరీ ఏరుకున్నాను.

తర్వాతి వారం పాలగుంపులో రక్తపరీక్షల క్యాంపు పెట్టాం. వాగు పొంగి రోడ్డు పాడైతే ట్రాక్టరు మీద వెళ్లాం. బడి వరండాలో బల్లలు వేసి పొద్దుగూకేదాకా కూర్చున్నాం. వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పరీక్షలో రోగం బయటపడితే ఊళ్లోంచి తీసుకుపోతారని, పిల్లల్ని వేరుచేస్తారని పుకారు. బొజ్జయ్య మాత్రం వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. రక్తం ఇవ్వడానికి కాదు, నేను గురవయ్య డాక్టరు బిడ్డనని పలకరించడానికి.

"తాతా, మీరు సూదులు ఎవరి దగ్గర వేయించుకుంటారు?" అని అడిగాను. అందరినీ అడగవలసిన ప్రశ్న అది.

ముసలాయన నవ్వాడు. "గదేందమ్మా గట్లడుగుతవ్? మీ నాయిన కాడనే. ఇంకెవలున్నరు మాకు?"

"మా నాయన సూది మారుస్తాడు" అన్నాను వెంటనే. మారుస్తాడా లేదా అని బొజ్జయ్య అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ముందు చెప్పాను.

"అవ్. ఇరిచేస్తడు. మేం కళ్లార జూస్తం" అన్నాడు బొజ్జయ్య.

ఆయన పక్కన పుష్పలత తమ్ముడు కూర్చున్నాడు. బడి వదిలి పోడు చేలో పనిచేసే కుర్రాడు, అతనికీ వైరస్ ఉందని తేలింది. అతని ఒంటి మీద ఒక్క పచ్చబొట్టు లేదు. ఆ మాట మేడంకు ఫోన్లో చెప్పాను. "అయితే పచ్చబొట్టు కాదన్నమాట" అంది మేడం.

ఆ గురువారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. అక్కడినుంచి ముందు గది కనిపిస్తుంది. పుట్టి పెరిగిన ఇల్లు, ఎన్ని వేలసార్లు చూశానో ఆ దృశ్యం.

నాయన పెద్ద సిరంజి నిండా ఎర్ర మందు ఎక్కించాడు. మొదటి మనిషి భుజానికి గుచ్చాడు. నరంలో పడిందేమోనని పిడిని కొద్దిగా వెనక్కి లాగి చూశాడు. పాత డాక్టరు నేర్పిన జాగ్రత్త అది. మందు కొంత ఎక్కించాడు. సూది ఊడదీశాడు, వంచాడు, టంగుమంది. కొత్త సూది ప్యాకెట్టు చింపాడు, తొడిగాడు. తర్వాతి మనిషి భుజం తిప్పింది. గొట్టం అదే. అందులో మందు ఇంకా సగానికి పైగా ఉంది.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

జనం వెళ్లాక అడిగాను. "నాయనా, గొట్టం మార్చవా?"

"గొట్టమెందుకు? అది ఒంట్లకు పోతదా ఏంది? సూది మారుస్త గదా." బల్ల తుడుస్తూ గోడ వైపు గడ్డం ఎగరేశాడు. "సదువు. ఏం రాసున్నది?"

ఒక మనిషికి ఒక సూది. మన భాషలో గుచ్చేదీ సూదే, వేయించుకునేదీ సూదే. ఆ రెండింటి మధ్య ఉన్న గొట్టానికి ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు. మైకులో చెప్పినవాళ్లు మొత్తం అనుకుని చెప్పారు. మా నాయన చివరి ఇనుప ముక్క అని విన్నాడు. వెనక్కి లాగిన ప్రతిసారీ కంటికి కనపడని రక్తపు చుక్క గొట్టంలోకి చేరుతుంది. కొత్త సూదిలోంచి అదే చుక్క తర్వాతి మనిషి ఒంట్లోకి పోతుంది.

"సమ్మక్కా, రా. మిగిలింది ఉన్నది" అని నాయన అమ్మను కేకేశాడు.

"వద్దు" అన్నాను. నా గొంతు విని ఇద్దరూ బిత్తరపోయారు.

అమ్మ దగ్గర నేనే రక్తం తీశాను. మోకాళ్ల నొప్పుల పరీక్ష అని చెప్పాను. ఆమెకు వైరస్ ఉందని మా ల్యాబులోనే తేలింది. ఆ నమూనాకూ నంబరు వేసి, మిగతావాటితో కలిపి హైదరాబాద్ పంపాను. పేరు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఆ నిజం తప్పిపోతుందేమో అనే పిచ్చి ఆశ.

వినాయక చవితి పందిళ్లు వేస్తున్న రోజుల్లో సునంద మేడం నన్ను తన గదికి పిలిచింది. తెర మీద అదే చెట్టు. గుత్తి మధ్యలో ఒక కొత్త కొమ్మ.

"ఈ నమూనా ఒక్కదానిలో రెండు గుంపుల తప్పులూ ఉన్నాయి భవానీ. అందరి దగ్గరా కొంచెం కొంచెం తెచ్చుకున్నట్టు. ఇది ఏ ఊరు?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ అనుకున్నాను.

"అది మా అమ్మది మేడం" అన్నాను. "ఆమెకు పచ్చబొట్టు లేదు."

మేడం తెర ఆపేసి, కుర్చీ నా పక్కకు జరుపుకుని కూర్చుంది. అంతా విన్నాక, "రిపోర్టు రాయక తప్పదు. ఆ గదికి తాళం పడుతుంది. కేసు కూడా కావచ్చు" అంది. "కానీ అంతకన్నా ముఖ్యం, అక్కడ పరీక్షకు రానివాళ్లు ఇంకా ఉన్నారు. మన మాట వాళ్లు వినరు. మీ నాన్న మాట వింటారు."

ఆ మాట ఇంటికి మోసుకెళ్లాను. అమ్మ ఎదుటే చెప్పాను, దాచలేదు. నాయన మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. "నాలుగు అక్షరాలు సదివి నాకే నేర్పుతున్నవా? నా చేతి మీద ఎవరన్న సచ్చిండ్రా?" అన్నాడు. అమ్మ నెమ్మదిగా తన భుజం పట్టుకుని చూసుకుంది. ఏళ్ల తరబడి గుచ్చిన చోటు అక్కడ గట్టిపడి ఉంటుంది.

"నాగ్గూడ ఉన్నదంటుంది గదా నీ బిడ్డ" అంది అమ్మ. "నాకేసింది నువ్వే గదా."

నాయన కోపం అక్కడ ఆగిపోయింది. బల్ల దగ్గరికి వెళ్లి ఖాళీ సిరంజిని వెలుగుకు పట్టి చూశాడు. అందులో ఏమీ కనపడదు. కనపడకపోవడమే కదా అసలు సంగతి. కాసేపటికి, "పిల్లలగ్గూడ ఏసిన" అన్నాడు.

మర్నాడు అమ్మే ఆయన్ను బయల్దేరదీసింది. "ముందు ఎర్రమ్మ కాడికి నడువు" అంది. ఎర్రమ్మ ఇప్పుడు భద్రాచలంలో గోదావరి ఒడ్డున రేవు మెట్ల దగ్గర కూర్చుంటోందని తెలిసి ముగ్గురం బస్సెక్కాం. ఎర్రమ్మ పండగ బేరం కోసం గాజులు కూడా అమ్మకానికి పెట్టుకుంది. మమ్మల్ని చూసి మసి గిన్నెను కొంగు కింద దాచుకుంది. ఆ దాచుకోవడం చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

నాయన ఆమె పక్కకు వంగి, తక్కువ గొంతుతో చెప్పాడు. రోగం నీవల్ల కాదు, తప్పు నాదే అని.

ఎర్రమ్మ ఆయన వైపు చూడకుండా గాజులు సర్దుకుంటూ అంది: "సంతల అందరి ముందల తిట్టినవ్. గిప్పుడొచ్చి నా చెవుల జెప్తే ఏం లాభం డాక్టరూ?"

నాయన నడుం నిటారు చేసి నిలబడ్డాడు. "పాలగుంపుకు రా. అందరి ముందల్నే జెప్త" అన్నాడు.

నిమజ్జనాలు అయిపోయాక వచ్చిన ఆదివారం పాలగుంపులో మళ్లీ బల్లలు వేశాం. గురవయ్య డాక్టరు వస్తున్నాడంటే రెండు గుంపులూ కదిలాయి. బడి వరండా నిండి, జనం వాన చినుకుల్లో కూడా నిలబడ్డారు. వాళ్ల వెనక, అందరికీ దూరంగా, ఎర్రమ్మ.

నాయన లేచాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా పెళ్లిళ్లకు వేసుకునేది.

"మీకు రోగం తెచ్చింది పచ్చబొట్టు గాదు. ఎర్రమ్మను ఉత్తగనే ఎళ్లగొట్టిన. రోగం నా సూదితోటి వచ్చింది."

బొజ్జయ్య ఆ మాటను తమ భాషలో వెనకవాళ్లకు చెప్పాడు. అందులో కూడా 'సూది' అన్న మాట తెలుగులోనే వినపడింది. జనంలో నవ్వులు లేచాయి.

"నువ్వు మార్చినవ్ డాక్టరు, మేం జూసినం" అన్నాడు బొజ్జయ్య. "ఎవలో నిన్ను బెదిరించి గిట్ల జెప్పిస్తున్నరు. నువ్వు లేకుంటే మేం ఎప్పుడో సచ్చేటోళ్లం."

అవును అవును అన్నారు చుట్టూ. తిట్టినా కొట్టినా అంత సిగ్గు ఉండేది కాదు. ఆయన తప్పు ఒప్పుకుంటుంటే వాళ్లు ఒప్పుకోవడం లేదు. నాయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

అప్పుడు ఆయన సంచిలోంచి పెద్ద సిరంజి, రెండు గాజు గ్లాసులు తీశాడు. ఒక గ్లాసులో నీళ్లు పోసి కుంకుమ కలిపాడు. రెండో దానిలో మంచినీళ్లు. సిరంజిలోకి మంచినీళ్లు ఎక్కించి, సూదిని కుంకుమ నీళ్లలో ముంచి, ఎప్పటిలాగే పిడిని కొద్దిగా వెనక్కి లాగాడు. సూది ఊడదీశాడు. అలవాటు ప్రకారం వంచి, డబ్బాలో టంగుమని వేశాడు. కొత్త సూది తొడిగి, మంచినీళ్ల గ్లాసులోకి వదిలాడు.

గ్లాసులో నీళ్లు పలచగా ఎర్రబడ్డాయి.

ఈసారి ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. పుష్పలత పసివాణ్ణి ఇంకో చేతికి మార్చుకుని, రైక చేతిని కిందికి లాక్కుంది. ముందు వరసలో ఒక ముసలామె తన భుజాన్ని చీర చెంగుతో రుద్దుకుంటోంది, పోతుందేమో అన్నట్టు.

"మరి గిది నీకు తెల్వదా డాక్టరు?" అని అడిగాడు బొజ్జయ్య.

"తెల్వదు" అన్నాడు నాయన.

మా నాయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎక్కడ పెట్టాలో కూడా తెలియనట్టు. ఎర్రమ్మ చివరిదాకా విని, బస్సు రోడ్డు వైపు నడిచింది. నాయన ఆమె కనపడకుండా పోయేదాకా చూశాడు.

చాలాసేపటికి బొజ్జయ్య లేచి నా బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే వెనక వరస తయారవుతుందని నాకు తెలుసు. ఇంత జరిగింది అందుకోసమే. నేను ప్యాకెట్టు తీసుకుని, చిన్నప్పటినుంచీ విన్న మాటను అలవాటుగా అనేశాను.

"కొత్త సూదే తాతా."

ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"గొట్టం?"

నా వెనకే నాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి నాకు వినపడుతోంది.

"గొట్టం కూడా కొత్తదే" అన్నాను.

ప్యాకెట్టు చేతికిమ్మన్నాడు. ఇచ్చాను. ఎక్కడా చిరగలేదని తిప్పి తిప్పి చూసి, తానే చింపి నాకిచ్చాడు. ఇన్నేళ్లుగా మా ఇంటి అరుగు మీద కూర్చుని, మా నాయన ముఖం చూసి నవ్వుతూ భుజం చాపిన మనిషి. ఈసారి నా ముఖం చూడలేదు. గొట్టం వంకే చూస్తూ చేయి చాపాడు.